బ్రిగేడ్ రోడ్డు క్రిస్మస్ వెలుగులు: ఏ రోజు వెళ్లాలి, ఎటు నుంచి నడవాలి

బెంగళూరులో క్రిస్మస్ దీపాలు చూడాలనుకునే వాళ్లలో ఎక్కువమంది 24నో 25నో సాయంత్రం నేరుగా బ్రిగేడ్ రోడ్డుకే వస్తారు. ఆ రెండు రోజులూ అక్కడ నిలబడి తలెత్తి చూసే వీలుండదు, వెనకవాళ్లు తోసుకుంటూ వస్తుంటారు. అందుకే వీధులకొక రోజు, చర్చిలకొక రోజు విడిగా పెట్టుకోండి. వీధులకు 18 నుంచి 23 లోపు, శని ఆదివారాలు కాని రోజు మంచిది. చర్చిలకు 26 తర్వాత వెళ్లండి.

చర్చిలకు తర్వాత వెళ్లమనడానికి కారణముంది. క్యాథలిక్ చర్చిల్లో పశువుల పాకను ముందే కట్టినా, బాలయేసు ప్రతిమను మామూలుగా 24 రాత్రి పూజప్పుడే తొట్టిలో ఉంచుతారు. అంతకుముందు వెళ్తే ఖాళీ తొట్టి చూసి రావాల్సిందే. పాకను సాధారణంగా జనవరి మొదటి వారంలో వచ్చే ముగ్గురు జ్ఞానుల పండుగ దాకా ఉంచుతారు కాబట్టి తొందరేమీ లేదు.

కారు ఇంట్లోనే పెట్టి మెట్రోలో రండి. వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు నుంచైతే పర్పుల్ లైన్ నేరుగా ఎం.జి.రోడ్డుకు, కబ్బన్ పార్క్‌కు వస్తుంది. మారతహళ్లి వాళ్లు బస్సులో కె.ఆర్.పురం వచ్చి ఎక్కొచ్చు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి యెల్లో లైన్‌లో ఆర్.వి.రోడ్డు, అక్కడ గ్రీన్ లైన్ ఎక్కి మెజెస్టిక్, అక్కణ్నుంచి పర్పుల్. రెండు మార్పులున్నా ట్రాఫిక్‌లో కూర్చోవడం కంటే ఇదే నయం. స్మార్ట్ కార్డులో రానూ పోనూ సరిపడా డబ్బు వేసుకోండి, రాత్రి కౌంటర్ దగ్గర క్యూ పొడుగ్గా ఉంటుంది.

ఎం.జి.రోడ్డులో కాకుండా దాని పక్క స్టేషన్, కబ్బన్ పార్క్‌లో దిగండి. సాయంత్రం ఐదున్నరకు అక్కడుంటే చాలు. కాస్త నడిస్తే సెయింట్ మార్క్స్ కథీడ్రల్. తెల్లటి గుమ్మటం మీద దీపాలు వెలగడం చూశాక సెయింట్ మార్క్స్ రోడ్డు మీదుగా చర్చ్ స్ట్రీట్‌లోకి తిరగండి. ఆ వీధి రెండో కొస బ్రిగేడ్ రోడ్డులో కలుస్తుంది. అంటే రద్దీ తక్కువున్న వైపు నుంచి మొదలై ఎక్కువున్న వైపు చేరతారు, అలసిపోయేసరికి ఎం.జి.రోడ్డు స్టేషన్ దగ్గర్లోనే ఉంటుంది. తిరగేసి నడిస్తే మొదటి పావుగంటలోనే పిల్లలు ఎత్తుకోమంటారు. చర్చ్ స్ట్రీట్‌లో పరిచినవి రాతి పలకలు, పిల్లల తోపుడు బండి చక్రాలు వాటి మీద ఎగిరెగిరి పడతాయి. చంటిబిడ్డ ఉంటే ఒంటికి కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి.

డిసెంబర్ చివర ఇక్కడ సూర్యాస్తమయం ఆరింటి ప్రాంతంలో. ఫోటోలకు ఆరూ పది నుంచి ఆరున్నర దాకానే అసలు సమయం. ఆకాశం ముదురు నీలంలో ఉంటుంది, సీరియల్ లైట్లతో పాటు భవనాల ఆకారమూ పడుతుంది. ఆ తర్వాత నల్లటి తెర మీద చుక్కలే మిగులుతాయి. ఫోన్ స్క్రీన్ మీద దీపాన్ని తాకి వెలుతురును కిందికి జరపండి, లేకపోతే రంగులన్నీ తెల్లగా తేలిపోతాయి. వీడియోలో అడ్డగీతలు పాకుతున్నాయంటే తప్పు ఫోన్‌ది కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటాయి. కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెడితే గీతలు పోతాయి. మనుషుల్ని తీయాలంటే దీపాల కింద కాదు, షాపు అద్దాల ముందు నిలబెట్టండి, ముఖం మీద వెలుతురు అక్కడే సమంగా పడుతుంది.

జనంలో ఫోన్ సిగ్నల్ మందగిస్తుంది, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. మూడు నాలుగొందలు చిల్లర నోట్లుగా ఉంచుకోండి. పిల్లల జేబులో మీ నంబరు రాసిన చీటీ పెట్టి, తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పండి. క్యాబ్ కావాలంటే బ్రిగేడ్ రోడ్డు మధ్యలో బుక్ చేయకండి, డ్రైవర్లు లోపలికి రాలేక రద్దు చేస్తారు. ట్రినిటీ సర్కిల్ దాకా నడిచి అక్కడ పిలవండి. రాత్రి చలేస్తుంది, పెద్దవాళ్లకు స్వెటర్ ఉండాలి.

రెండో రోజు శివాజీనగర్. సెయింట్ మేరీస్ బసిలికా 1882 నాటి గోతిక్ కట్టడం, దాని సూది గోపురాన్ని దీపాలతో చూడాలంటే చీకటి పడ్డాకే వెళ్లాలి. లోపల పూజ జరుగుతుంటే ఫోటోలు తీయకుండా వెనక బల్ల మీద కూర్చోండి. పక్కనే రసెల్ మార్కెట్. ఇంటికి కాగితపు నక్షత్రం, సీరియల్ సెట్ కొనాలంటే మాత్రం పండక్కి వారం ముందే ఇటు రావాలి. తమిళం, ఉర్దూ ఎక్కువ వినిపిస్తాయి, తెలుగుతోనూ పని జరుగుతుంది. సెట్టు కొనేముందు షాపులోనే ప్లగ్ పెట్టి కొస దాకా వెలుగుతోందో లేదో చూడండి. నక్షత్రానికి ఎల్ఈడీ బల్బే వాడండి, వేడెక్కే పాత బల్బు కాగితాన్ని మాడుస్తుంది.

31 రాత్రి మాత్రం దీపాల కోసమని ఇటు రావద్దు. కొత్త సంవత్సరం జనంతో నిండిపోతుంది, పోలీసులు దారులు మూసేస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లు 30లోపే చూసేయండి.