తొలినాటి అమెరికా రాజకీయం – 3వ పాఠం: తలల లెక్క నుంచి సీట్ల లెక్కకు

గత పాఠంలో అమెరికా రాజ్యాంగంలోని 'అయిదింట మూడు వంతుల' నిబంధన చదివాం: సీట్ల లెక్కలో స్వతంత్రులందరినీ, బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులనూ కలపాలన్నదే అది. ఈసారి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. 1790 జనగణన పట్టిక చూసి, ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో మనమే తేల్చాలి.

వర్జీనియాతో మొదలుపెడదాం. పట్టికలో అయిదు గడులు ఉంటాయి. పదహారేళ్లు, ఆపై వయసున్న శ్వేత పురుషులు 1,10,936, అంతకంటే చిన్న మగపిల్లలు 1,16,135, శ్వేత స్త్రీలు, బాలికలు కలిపి 2,15,046, ఇతర స్వతంత్రులు 12,866, బానిసలు 2,92,627. మొదటి నాలుగింటినీ కూడితే 4,54,983. ఓటు లేదు కదా అని స్త్రీలనూ పిల్లలనూ వదిలేస్తే ఇక్కడే లెక్క తప్పుతుంది. ఓటు వేరు, తలల లెక్క వేరు. కెంటకీలోని 73,677 మందిని కూడా వర్జీనియాలో కలపకండి. 1790లో ఆ ప్రాంతం వర్జీనియాదే అయినా జనాన్ని విడిగానే లెక్కించారు. 1792లో అది ప్రత్యేక రాష్ట్రమైంది.

ఇప్పుడు బానిసల సంఖ్యను 5తో భాగించి 3తో హెచ్చించండి: 1,75,576. మొత్తం 6,30,559. డెలావేర్‌కు ఇలాగే చేస్తే సుమారు 55,540 వస్తుంది.

30,000 మందికి ఒకరికి మించి ప్రతినిధులు ఉండకూడదని రాజ్యాంగం హద్దు పెట్టింది. 30,000తో భాగిస్తే వర్జీనియాకు 21, శేషం 559. డెలావేర్‌కు 1, శేషం 25,540. గొడవంతా ఈ శేషం దగ్గరే. దేశం మొత్తం లెక్క 36,15,920ని భాగిస్తే 120 సీట్లు వస్తాయి; రాష్ట్రాలను విడివిడిగా భాగించి కూడితే 112 మాత్రమే. మిగిలిన 8 సీట్లను పెద్ద శేషాలున్న రాష్ట్రాలకు ఇస్తూ కాంగ్రెస్ బిల్లు చేసింది. డెలావేర్‌కు రెండో సీటు అలా వచ్చింది. సంతకం చేయమని ఆర్థిక మంత్రి హామిల్టన్, వద్దని విదేశాంగ మంత్రి జెఫర్సన్ సలహా ఇచ్చారు. 1792 ఏప్రిల్ 5న అధ్యక్షుడు వాషింగ్టన్ బిల్లును తిప్పి పంపారు. అమెరికా అధ్యక్షుడి మొట్టమొదటి వీటో అదే. ఏ ఒక్క విభాజకంతోనూ ఆ సంఖ్యలు రావన్నది ఒక అభ్యంతరం. ఎనిమిది రాష్ట్రాలు 30,000 హద్దు దాటాయన్నది రెండోది. సరిచూడండి: 55,540ని 2తో భాగిస్తే 27,770.

ఏప్రిల్ 14న వచ్చిన చట్టం విభాజకాన్ని 33,000 చేసి, శేషాలను పూర్తిగా వదిలేసింది. సభ 105 సీట్లకు తగ్గింది. వర్జీనియాకు 19, డెలావేర్‌కు 1. చూడటానికి అందరికీ ఒకే కొలత. కానీ 105లో వర్జీనియాకు న్యాయంగా రావలసింది 18.31, డెలావేర్‌కు 1.61. వర్జీనియా వదులుకున్న 3,559 మంది 19 సీట్ల మీద పరుచుకుంటారు; డెలావేర్ వదులుకున్న 22,540 మంది భారం ఒక్క సీటు మీదే పడుతుంది. శేషాన్ని వదిలేసే పద్ధతి పెద్ద రాష్ట్రాల వైపు మొగ్గేది ఇందుకే. దాన్ని సమర్థించిన జెఫర్సన్ వర్జీనియావారేనన్నది ఇక్కడ మరచిపోకూడదు.

ఇప్పుడు అసలైన లెక్క. వర్జీనియాలో స్వతంత్రుల సంఖ్య 4,54,983ని మాత్రమే 33,000తో భాగించండి. 13. అంటే ఆరు సీట్లు ఓటూ నోరూ లేని బానిసల తలల మీద వచ్చాయి. ఆ సీట్ల బలం వాళ్ల యజమానులది. బానిసను పూర్తి మనిషిగా లెక్కించకపోవడమే ఈ నిబంధనలోని అన్యాయమని చాలామంది అనుకుంటారు. పూర్తిగా లెక్కిస్తే ఏమయ్యేదో చూడండి: 7,47,610ని 33,000తో భాగిస్తే 22. యజమానులకు ఇంకో మూడు సీట్లు దక్కేవి. రాజ్యాంగం రాసేటప్పుడు పూర్తి లెక్క కావాలని దక్షిణాది ప్రతినిధులు పట్టుబట్టింది అందుకే.

అభ్యాసం: దక్షిణ కరోలినా మొత్తం జనాభా 2,49,073, అందులో బానిసలు 1,07,094. విభాజకం 33,000. ముందు నిబంధన ప్రకారం, తర్వాత స్వతంత్రులతో మాత్రమే చేయండి. జవాబులు 6, 4. మొదటి లెక్కకు 7 వస్తే బానిసలను పూర్తిగా కలిపేశారు. మొదటి లెక్కకే 4 వస్తే మూడు వంతులను మొత్తం జనాభాకు వేసి ఉంటారు. లేదా బానిసలను కలపడం మరచిపోయారు.

ఆరుకు ఇద్దరు సెనేటర్లను కలిపితే 8. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లు ఆ రాష్ట్రానికి అంతమంది. ఈ కాగితం దాచుకోండి, 1800 ఎన్నికలోని 138 ఎలక్టర్ల లెక్కను 4వ పాఠంలో దీంతోనే మొదలుపెడతాం.