రెండు టెక్స్టుల్లో ఒకే మాట అర్థం ఎలా మారిందో పోల్చడం ఎలా

కన్యాశుల్కం నాటకం తీసుకోండి, 1897లో వచ్చిందొకటి, 1909లో గురజాడ గారు బాగా పెంచి తిరగరాసిందొకటి, పోల్చడానికి ఇంతకంటే మంచి జత దొరకదు. ముందు ప్రశ్న చిన్నగా పెట్టుకోండి, "వితంతు వివాహం గురించి ఎవరు ఏ ఉద్దేశంతో మాట్లాడుతున్నారు?" చాలు.

రెండూ ఒకసారి ఊరికే చదివేయండి, పెన్ను ముట్టుకోకుండా. రెండోసారి ఆ విషయం వచ్చిన ప్రతి డైలాగూ ఉన్నదున్నట్టు ఎక్సెల్‌లో ఎక్కించి పక్కన చిన్న పేరు పెట్టండి, జాలి, పరువు, డబ్బు లెక్క, స్వార్థం అలా, వీటినే కోడ్‌లు అంటారు. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి, ఎందుకంటే గిరీశం సంస్కరణ గురించి ఎంత గొప్పగా మాట్లాడినా దాని వెనక స్వార్థం ఉంటుంది, మాట చూసి "సంస్కరణ" అని కోడ్ పెట్టేస్తే మొత్తం తప్పుతుంది, ఎవరితో ఎప్పుడు ఎందుకు అన్నాడో కూడా రాసుకోవాలి.

తర్వాత అడ్డంగా రెండు వెర్షన్లు, నిలువుగా కోడ్‌లు పెట్టి టేబుల్ వేయండి. ఖాళీగా మిగిలిన గడులను పట్టించుకోకుండా వదిలేయకండి ప్లీజ్, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనిదే నాకైతే అన్నిటికంటే విలువైనది, మధురవాణి పాత్ర రెండోదాంట్లో ఎంత పెరిగిందో చూడండి తెలుస్తుంది.

ఆ రోజుల్లో బయట ఏం జరిగిందో కూడా పక్కన రాసుకోండి, రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. మీ అభిప్రాయానికి ఎదురెళ్లే డైలాగులు వెతకండి, ఫ్రెండ్‌తో కొన్ని పేజీలు విడిగా కోడ్ చేయించి తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకోండి.