కుక్కతో ముచ్చట వేరు, పనిమాట వేరు

కుక్కను పెంచే తెలుగింట్లో దానితో రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. ఒకటి ముచ్చట. ‘ఏంట్రా, ఆకలేస్తోందా’, ‘మా బంగారుతల్లికి కోపమొచ్చిందా’, ‘తాతయ్య ఇంకా రాలేదేమిటో చూసి రా’ వంటి మాటలకు అంతూ పొంతూ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. రెండవది పనిమాట. రా, కూర్చో, ఆగు, వదులు, దిగు అన్నప్పుడు కుక్క ఒక పని చేయాలి, అదీ అప్పటికప్పుడే చేయాలి. గేటు తెరిచి ఉండి వీధిలో లారీ వస్తున్నప్పుడు ‘ఆగు’ అన్నది దాని ప్రాణం కాపాడవలసిన మాట. ఈ రెండు రకాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఇళ్లలోనే ‘మా కుక్కకు అన్నీ అర్థమవుతాయి గానీ చెప్పిన మాట మాత్రం వినదు’ అన్న ఫిర్యాదు ఎక్కువగా వినిపిస్తుంది. అందుకని ముచ్చట తగ్గించుకోనక్కర్లేదు. పనిమాటలను దాని నుంచి విడదీసి పెట్టుకుంటే చాలు. ఆ విడదీయడం ఎలాగో, అందులో తెలుగు వల్ల వచ్చే చిక్కులేమిటో ఇక్కడ వివరిస్తాను.

కుక్క చెవికి చేరేది ఏమిటి

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో అట్టిలా ఆండిచ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం కలిసి 13 కుక్కలకు ఎమ్మారై యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పి, వాటికి అలవాటైన శిక్షకురాలి గొంతును వినిపిస్తూ మెదడును పరిశీలించారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మెచ్చుకునే మాటను మెచ్చుకునే స్వరంతో పలికినప్పుడే మెదడులో ఆనందాన్ని అందుకునే భాగం చురుగ్గా స్పందించింది. మెచ్చుకునే మాటనే చప్పగా అన్నప్పుడు గానీ, సంబంధం లేని మాటను ముద్దు చేస్తూ అన్నప్పుడు గానీ ఆ స్పందన కనిపించలేదు. కాబట్టి ‘దానికి మాటలేం తెలుస్తాయి, గొంతే తెలుస్తుంది’ అని పెద్దలు అనేది సగమే నిజం.

అదే నగరంలో జరిగి 2020లో వెలువడిన మరో అధ్యయనం మనకు ఇంకా ముఖ్యమైనది. తమకు తెలిసిన మాటకూ, దానితో ఏ పోలికా లేని శబ్దానికీ ఉన్న తేడాను కుక్కలు ఇట్టే పసిగట్టాయి. అయితే తెలిసిన మాటలోనే ఒక్క ధ్వనిని మార్చి వినిపిస్తే ఆ తేడాను అవి పట్టించుకున్న జాడ కనిపించలేదు. అంటే దగ్గర దగ్గరగా ధ్వనించే రెండు మాటలను రెండు వేర్వేరు పనులకు పెట్టుకుంటే తప్పు కుక్కది కాదు. ఇక వేగం సంగతి. మనుషులు తమలో తాము సెకనుకు సుమారు నాలుగు అక్షరాల వేగంతో మాట్లాడుకుంటారనీ, కుక్కలతో మాట్లాడేటప్పుడు తెలియకుండానే మూడుకు తగ్గుతారనీ, కుక్కలు తాము చేసే శబ్దాలు సెకనుకు రెండు చొప్పున ఉంటాయనీ 2024లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. గబగబా మాట్లాడటం అలవాటైనవారు కుక్క దగ్గర కాస్త నిదానించడం మంచిది.

‘రా’ అనే మాటతో వచ్చే తంటా

తెలుగులో పనిమాటలు ఎంచుకునేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ‘రా’. దగ్గరకు పిలవడానికి వాడేది అదే, మగకుక్కతో చనువుగా మాట్లాడేటప్పుడు ప్రతి మాట చివరా తగిలించేదీ అదే. ‘ఉండరా’, ‘పోరా’, ‘ఆగరా’, ‘పడుకోరా’ అన్నప్పుడల్లా దాని చెవిన ‘రా’ పడుతూనే ఉంటుంది. ‘ఆగరా’ విన్న కుక్క తోక ఊపుకుంటూ మన దగ్గరకే వస్తే, దాని లెక్కలో అది చెప్పిన మాట విన్నట్టే. పైగా ఆ కుక్క పేరు రాజానో రాముడో అయితే పేరులో కూడా ‘రా’ ఉంటుంది. ఇలాంటి ఇంట్లో పిలుపుకు ‘రా’ను వదిలేసి ‘దా’ అనో ‘ఇటొచ్చెయ్’ అనో ‘కమ్’ అనో వేరే మాట పెట్టుకోవాలి. ‘రా’నే వాడాలన్న పట్టుదల ఉంటే మాటల చివర ‘రా’ తగిలించడం మానుకోవాలి. తెలుగువాళ్లకు అది సాధ్యమయ్యే పని కాదని నా అభిప్రాయం. ఆడకుక్క ఉన్న ఇళ్లలో ‘వే’ తగిలిస్తారు కాబట్టి ఈ ఇబ్బంది లేకపోయినా, ‘కూర్చో’, ‘కూర్చోవే’, ‘కూర్చోమ్మా’ అంటూ ఒక్కో పూట ఒక్కో రూపం వాడితే నేర్చుకునే దశలో ఉన్న పిల్లకు గందరగోళమే. మాట పూర్తిగా పట్టుబడే దాకా తోకలేమీ తగిలించకుండా ఒక్క రూపాన్నే పలకాలి.

రెండవ చిక్కు ‘వద్దు’ అని చెప్పే తీరులో ఉంది. తెలుగులో కాదనడం క్రియ చివర వస్తుంది. ‘ఎక్కు’ అనే మాట తెలిసిన కుక్కతో ‘ఎక్కకు’ అన్నామంటే, ముందుగా దాని చెవిన పడేది ‘ఎక్క’; చివరి ‘కు’ వినపడేసరికి అది సోఫా మీద ఉంటుంది. ‘తినకు’, ‘దూకకు’, ‘పట్టకు’ అన్నవన్నీ ఇదే బాపతు. కాబట్టి చేయకూడనిది చెప్పడం కన్నా, దానికి బదులు చేయవలసినది చెప్పడం మేలు. ‘ఎక్కకు’ అనే చోట ‘దిగు’ అనండి. చెప్పు నోట కరుచుకున్నప్పుడు ‘కొరకకు’ అనకుండా ‘వదులు’ అనండి. గుమ్మం దాటబోతుంటే ‘వెళ్లకు’ కన్నా ‘ఆగు’ మంచిది. ఇవేవీ కుదరని సందర్భాలకు ఒకే ఒక్క నిషేధపు మాట ఉంచుకోవాలి, అది ‘వద్దు’ అయినా ‘నో’ అయినా సరే. అయితే ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, వాళ్లతో రోజంతా ‘నో, నో’ అంటూ ఉంటే కుక్కకు ఆ మాట ఫ్యాను చప్పుడులా అయిపోతుంది. అలాంటి ఇంట్లో కుక్క కోసం ‘వద్దు’ను ప్రత్యేకించుకోవడం నయం.

ఇంటిల్లిపాదీ ఒకే మాట

కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మమ్మ ‘కూసో’ అంటుంది, గుంటూరు అల్లుడు ‘కూర్చో’ అంటాడు, శిక్షకుడు నేర్పిన ‘సిట్’ను మనవడు వాడతాడు. కుక్కలు ఎన్నో మాటలు నేర్చుకోగలవు. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుంది. కానీ ఛేజర్‌కు ఆ పేర్లు నేర్పిన జాన్ పిల్లీ విశ్రాంత ఆచార్యుడు, రోజుకు గంటల తరబడి దానితోనే గడిపినవాడు. మామూలు ఇంట్లో ఒక పనికి మూడు మాటలు నేర్పేంత తీరిక ఎవరికీ ఉండదు. అందరూ ఒకసారి కూర్చుని ఐదారు పనిమాటలు ఎంచుకుని, వాటిని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలి. ఇంటి పనికి వచ్చేవారికీ, సాయంత్రం కుక్కను బయట తిప్పే కుర్రాడికీ కూడా ఆ జాబితా తెలియాలి.

ఇంగ్లీషు మాటలా, తెలుగు మాటలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ఇంగ్లీషు మాటలు ముచ్చటలో కలవవు కాబట్టి చెవికి విడిగా తగులుతాయన్నది వాటికున్న నిజమైన సౌలభ్యం. అంతకు మించి వాటిలో ఏ గొప్పా లేదు. పగలంతా కుక్కతో ఉండే మనిషి నోట కంగారులో సైతం సహజంగా వచ్చే మాట ఏదో, అదే సరైన పనిమాట. ఎదిగిన కుక్కను వేరొకరి ఇంటి నుంచి తెచ్చుకుంటున్నప్పుడు మాత్రం వారు ఏ భాషలో, ఏ మాటలతో పిలిచేవారో అడిగి రాసుకోవాలి. వినీవినీ అలవాటైన భాషనూ కొత్త భాషనూ కుక్క మెదడు వేరుగా గుర్తిస్తుందని స్పానిష్, హంగేరియన్ భాషలు వినిపించి 18 కుక్కలను పరిశీలించినవారు 2022లో చూపించారు. బెంగళూరులో కన్నడం వింటూ పెరిగిన కుక్క విజయవాడ వచ్చిన మొదటి వారాల్లో పలకకపోతే దానికి తలపొగరు అంటగట్టడం అన్యాయం.

గొంతు ఎప్పుడు ఎలా ఉండాలి

పశువులను తోలే రైతులకు ఈ విద్య ఏనాటి నుంచో తెలుసు. ఎద్దులను అదిలించడానికి నాలుకతో వెంటవెంటనే పొట్టి చప్పుళ్లు చేస్తారు, నిలపడానికి ఒకే శబ్దాన్ని దిగువ స్వరంలో సాగదీస్తారు. అనేక భాషల్లో గుర్రాలతో, కుక్కలతో పనిచేసేవారి పిలుపులను పోల్చి చూసిన అమెరికా శాస్త్రవేత్త ప్యాట్రీషియా మెకానెల్ కూడా ఇదే క్రమాన్ని గమనించారు: కదిలించడానికి పొట్టిగా, పైకి లేస్తూ, మళ్లీ మళ్లీ వచ్చే ధ్వనులు, ఆపడానికి ఒకే దీర్ఘధ్వని. దీన్ని ఇంట్లో యథాతథంగా వాడుకోవచ్చు. పిలిచేటప్పుడు ‘దా దా దా’ అని హుషారుగా అనాలి. శాంతపరచడానికి ‘ప...డు...కో’ అని దించుతూ సాగదీయాలి. పరిగెత్తుతున్న కుక్కను ఆపవలసి వచ్చినప్పుడు మనకు సహజంగా వచ్చేది ‘ఆగు ఆగు ఆగు’ అన్న కంగారు కేక. అది దాన్ని ఇంకా ఉరికిస్తుంది. ఒకే ఒక్క ‘ఆగు’ను గట్టిగా, స్థిరంగా అనాలి.

పనిమాటను ఒకసారి చెప్పి, మనసులో మూడు లెక్కపెట్టేంతసేపు వేచి చూడాలి. ‘కూర్చో, కూర్చో, కూర్చోమంటున్నానా’ అని మూడుసార్లు అనే ఇంట్లో, మూడోసారి అన్న తరువాతే కూర్చోవాలని కుక్క నేర్చుకుంటుంది. చెప్పిన పని చేసిన క్షణంలోనే ‘శభాష్’ అనో ‘భలే’ అనో ఒకే మెచ్చుకోలు మాటను నిండైన గొంతుతో అనాలి, మొదట్లో దానితో పాటు ఒక చిన్న తినుబండారం కూడా పెట్టాలి. డబ్బా వెతికి తెచ్చేలోగా కుక్క లేచి నిలబడితే, మనం మెచ్చుకున్నది లేచినందుకని అనుకుంటుంది. పేరును మాత్రం తిట్టడానికి వాడకండి. పేరు వినగానే తల తిప్పి మన వైపు చూడాలంటే, ఆ పేరు తరువాత మంచే జరుగుతుందన్న నమ్మకం దానికి ఉండాలి.

తిట్ల గురించి ఒక మాట చెప్పాలి. సాయంత్రం ఇంటికొచ్చి, చిరిగిన దిండు చూపిస్తూ ‘ఎవరు చేశారిది’ అని గద్దిస్తే కుక్క చెవులు వాల్చి, చూపు తిప్పేసుకుంటుంది. తప్పు ఒప్పుకుంటోందని మనం మురిసిపోతాం. అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో వెలువరించిన ప్రయోగంలో, తప్పు చేసినా చేయకపోయినా యజమాని గద్దించినప్పుడే కుక్కలు ఆ ముఖం ఎక్కువగా పెట్టాయి. పొద్దున చిరిగిన దిండుకు సాయంత్రం పడే తిట్లతో అది నేర్చుకునేది, మనం ఇంటికి రావడం భయపడవలసిన విషయమని మాత్రమే. అలాగే పిల్లలు సరదాకు కుక్కను ‘ఉస్కో, ఉస్కో’ అని ఉసిగొల్పే ఆటను తొలిరోజే మాన్పించాలి. ఆ మాటకు అలవాటు పడిన కుక్క ఎవరి మీదికి ఉరుకుతుందో చెప్పలేం.

కుక్కపిల్లలతో ముద్దుమాటలు ఎంత ఆడినా తప్పులేదు. పసివాళ్లతో మాట్లాడినట్టు గొంతు సన్నగా చేసి, ఊపుతూ మాట్లాడితే కుక్కపిల్లలు బాగా స్పందిస్తాయని 2017లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. పెద్ద కుక్కలు ఉత్త గొంతుకే అంతగా కరగవు. ‘షికారు’, ‘అన్నం’ వంటి తమకు తెలిసిన మాటలు ఆ ముద్దుమాటల్లో ఉంటేనే దగ్గరకొస్తాయి. దీపావళి టపాకాయలకు వణికే కుక్కను ఓదారిస్తే భయం ఇంకా పెరుగుతుందన్న మాట నమ్మకండి. పక్కన కూర్చుని, తక్కువ గొంతుతో, నింపాదిగా మాట్లాడుతూ ఉండవచ్చు. మన గొంతులోనే కంగారు ఉంటే మాత్రం ఓదార్పు పనిచేయదు.

పిల్లులు, చిలుకలు

పిల్లుల విషయం కొద్దిలో చెప్పవచ్చు. వాటికి తమ పేరు తెలుసునని 2019లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. తెలిసినా రావాలని అవి అనుకోకపోవడం వేరే సంగతి. పిల్లిని పిలిచేటప్పుడు గొంతు తగ్గించి, దాని వైపు చూస్తూ కళ్లను నెమ్మదిగా మూసి తెరిస్తే అది దగ్గరకు వచ్చే అవకాశం ఎక్కువ. రామచిలుకకు మాటలు నేర్పడం ఎలాగని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఆ పాఠం ఇక్కడ లేదు.

ఫోనులో, ముసలితనంలో

పిల్లలు అమెరికాలో ఉండి, కుక్క ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉన్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వీడియో కాల్‌లో కుక్కను పలకరించడం వద్దనను, కానీ ఫోనులో పనిమాటలు వాడకండి. ‘దా’ అన్న గొంతు మనిషి లేకుండా వినిపిస్తే కుక్క గేటు దాకా వెళ్లి వెతుక్కుని వస్తుంది. పలుమార్లు అలా జరిగితే ఆ పిలుపుకు విలువ పోతుంది. ఫోనులో ముచ్చటే మాట్లాడాలి, అదీ కుక్క స్థిమితంగా ఉన్నంతసేపే.

చివరిగా, ప్రతి పనిమాటకూ మొదటి నుంచే ఒక చేతిసైగ జోడించండి. కూర్చోవడానికి అరచేయి పైకెత్తడం, ఆగడానికి అరచేయి ఎదురుగా చూపడం, రావడానికి చేతిని ఛాతీ వైపు లాక్కోవడం వంటివి చాలు. కుక్కలు మాట కన్నా సైగనే త్వరగా పట్టుకుంటాయి. వయసు మీద పడి చెవులు వినిపించనప్పుడు ఆ సైగలే పనిమాటలు అవుతాయి. అప్పుడు కొత్తగా నేర్పడం కష్టం కాబట్టి, కుర్రతనంలోనే అలవాటు చేయాలి. చెవులు మందగించిన కుక్క నిద్రలో ఉన్నప్పుడు వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవవచ్చు. దానికి కాస్త దూరంలో పాదంతో నేలను తట్టి, లేచి మన వైపు చూశాక సైగ చేయాలి.