రైలు నాణేలు, కట్టడాల నాణేలు – 3వ పాఠం: బొమ్మ ఒకటే, లోహం వేరు

గత రెండు పాఠాల్లో ఏ అంశం మీద సేకరించాలో తేల్చుకోవడం, నాణెం మీది బొమ్మను భూతద్దంతో చదవడం చూశాం. ఈసారి బొమ్మను కాసేపు పక్కన పెట్టి లోహం సంగతి చూద్దాం, ఎందుకంటే రైళ్లు, కట్టడాల బొమ్మలున్న నాణేల సేకరణలో కొత్తవాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

నాకూ అలాగే జరిగింది. మొదట్లో కొన్న రైలు నాణేల్లో ఒకటి పశ్చిమ జర్మనీ 1985లో వేసిన 5 మార్కులది (మార్కు అప్పటి అక్కడి డబ్బు). జర్మనీలో మొదటి రైలు 1835లో న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కు నడిచింది, దానికి 150 ఏళ్లు నిండిన సందర్భంగా వచ్చిన నాణెం. అమ్మినాయన వెండి అన్నాడు, నేను నమ్మాను. నమ్మడానికి కారణం లేకపోలేదు, పాత 5 మార్కుల స్మారక నాణేలు నిజంగానే వెండివి: వెయ్యికి 625 పాళ్లు వెండి, బరువు 11.2 గ్రాములు, అడ్డుకొలత 29 మిల్లీమీటర్లు. కానీ 1980 నుంచి వచ్చినవి పైన రాగి-నికెల్, లోపల నికెల్. అడ్డుకొలత అదే 29, బరువు మాత్రం 10 గ్రాములు. చేతిలో పట్టుకుంటే ఆ తేడా తెలియదు, కాటా మీద పెడితే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. అయస్కాంతం దగ్గర పెట్టినా చాలు, లోపలి నికెల్ వల్ల అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు.

కాబట్టి మొదటి పని, 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా ఒకటి, అడ్డుకొలత కచ్చితంగా కొలిచే వర్నియర్ కాలిపర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. నాణెం కొనేముందు దాని అసలు బరువు, అడ్డుకొలత, శుద్ధత (వెయ్యికి ఎన్ని పాళ్లు వెండి) ఈ మూడూ కాగితం మీద రాసుకోవాలి. ఆ మూడూ తెలియకుండా బేరం మొదలుపెట్టొద్దు.

తర్వాత ఒక చిన్న లెక్క. బరువును శుద్ధతతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే లోపల ఉన్న అసలు వెండి ఎంతో వస్తుంది. ఆస్ట్రియా 2007 నుంచి 2009 వరకు రైల్వేల మీద ఆరు 20 యూరోల నాణేలు వేసింది, ఒక్కొక్కటి 20 గ్రాములు, వెయ్యికి 900 పాళ్లు. అంటే 18 గ్రాముల వెండి. జర్మనీ 2010లో తన రైల్వేకి 175 ఏళ్లని వేసిన 10 యూరోలది 18 గ్రాములు, 925 పాళ్లు, అంటే 16.65 గ్రాములు. ఇది సులువే. అసలు చిక్కు వచ్చేది బరువు, సైజు రెండూ ఒకేలా ఉన్నప్పుడు.

దానికి మన దేశపు నాణేలే మంచి ఉదాహరణ. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండిన సందర్భంగా వచ్చిన 1000 రూపాయల నాణెం, 2023లో కొత్త పార్లమెంటు భవనం పేరిట వచ్చిన 75 రూపాయల నాణెం తీసుకోండి. రెండూ 35 గ్రాములు, రెండూ 44 మిల్లీమీటర్లు. కానీ ఆలయం నాణెంలో 80 శాతం వెండి, 20 శాతం రాగి. పార్లమెంటు నాణెంలో వెండి 50 శాతమే, మిగతాది 40 శాతం రాగి, 5 నికెల్, 5 జింకు. మొదటి దానిలో 28 గ్రాముల వెండి, రెండో దానిలో 17.5. కాటా, కాలిపర్ రెండూ ఇక్కడ చేతులెత్తేస్తాయి.

బ్రిటన్‌లో ఇంకో రకం చిక్కు. ఇంజనీరు బ్రూనెల్ పుట్టి 200 ఏళ్లయిందని 2006లో రెండు 2 పౌండ్ల నాణేలు వచ్చాయి, వాటిలో ఒకదాని మీద ఆయన కట్టిన పాడింగ్టన్ స్టేషన్ పైకప్పు ఉంటుంది. రైలూ కట్టడమూ రెండూ ఒకే నాణెంలో ఉన్నాయి కాబట్టి ఇది నాకు చాలా ఇష్టమైన బొమ్మ, ఆ ఇనుప కమానుల వరసను అంత చిన్న చోట ఇమిడ్చిన తీరు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అయితే అదే బొమ్మతో జనం వాడుకునే మామూలు నాణెమూ ఉంది, వెండి ప్రూఫ్ నాణెమూ (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినది) ఉంది. రెండూ 12 గ్రాములే, రెండూ 28.4 మిల్లీమీటర్లే.

ఇలాంటప్పుడు పనికొచ్చేది నీటి పరీక్ష. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకు గానీ అంచులకు గానీ తగలకూడదు, గాలి బుడగలు అంటుకుని ఉండకూడదు. కాటా ఇప్పుడు చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. స్వచ్ఛమైన వెండికి అది 10.49, 900 పాళ్ల వెండికి 10.3, సగం వెండి ఉన్న మిశ్రమాలకు 9.5 నుంచి 9.7, రాగి-నికెల్‌కు 8.9 దగ్గర.

పైన చెప్పిన 35 గ్రాముల మిశ్రమాలకు ఈ లెక్క వేస్తే 80 శాతం వెండి ఉన్నది 3.45 చూపాలి, 50 శాతం ఉన్నది 3.67, ఉత్త రాగి-నికెల్ అయితే 3.93. 2 పౌండ్ల వెండి నాణెం 1.16 దగ్గర ఆగుతుంది, మామూలుది 1.4కి దగ్గరగా వెళుతుంది. మూడుసార్లు చేసి సగటు తీయండి, చెయ్యి వణికితే అంకె మారిపోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. క్యాప్సూల్‌లో (నాణేన్ని మూసి ఉంచే ప్లాస్టిక్ డబ్బీలో) ఉన్న ప్రూఫ్ నాణేన్ని ఈ పరీక్ష కోసం బయటికి తీయొద్దు. అద్దంలాంటి ఆ ఉపరితలం మీద ఒక్క నీటి మరక పడినా, వేలిముద్ర పడినా అది పోదు, నాణెం విలువ పడిపోతుంది. ప్రూఫ్ విషయంలో డబ్బా, సర్టిఫికెట్, అంచు, బొమ్మలోని సన్నని గీతలు, వీటితోనే తేల్చుకోవాలి. నీటి పరీక్ష విడిగా దొరికే, చేతులు మారిన పాత నాణేలకు. పరీక్ష అయ్యాక మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు.

ఈ లెక్కకు లొంగని నాణేలూ ఉన్నాయి. సెమ్మరింగ్ కొండ రైలుమార్గానికి 150 ఏళ్లని ఆస్ట్రియా 2004లో వేసిన 25 యూరోల నాణెం చుట్టూ వెండి వలయం, మధ్యలో ఆకుపచ్చ రంగు నయోబియం అనే లోహం. నయోబియం సాంద్రత 8.57 మాత్రమే, అందుకే మొత్తం నాణెం సాంద్రత తక్కువగా వచ్చి నకిలీదేమో అని కంగారు పెడుతుంది. రెండు లోహాల నాణెం ఏదైనా ముందు ఏ భాగం ఏ లోహమో తెలుసుకున్నాకే లెక్కకు కూర్చోవాలి.

ఇక ఈ వారం అభ్యాసం. కెనడా 1981లో ఖండాన్ని దాటే రైలుమార్గం శతాబ్ది సందర్భంగా వేసిన డాలరు 23.33 గ్రాములు, 500 పాళ్లు వెండి, మిగతాది రాగి. అందులో వెండి ఎంత, నీళ్లలో వేలాడదీస్తే కాటా ఎంత చూపాలి, రెండూ లెక్కకట్టి నోటుబుక్కులో రాయండి. ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఏదైనా గీతలు పడ్డ పాత నాణెం మీద పరీక్ష చేసి చూడండి. జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను, అక్కడి నుంచి నాణేలను నల్లబడకుండా దాచే పద్ధతుల్లోకి వెళదాం.