అంబాసిడర్‌లో సీబీ పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవడం ఎలా

పాత 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ ఉన్నవాళ్లకి ఈ తంతు బాగా తెలుసు. నిన్న సాయంత్రం దాకా బంగారంలా తిరిగిన బండి, పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. మెకానిక్ వచ్చి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా) క్యాప్ ఊడదీసి, లోపలి సీబీ పాయింట్ల (కాంటాక్ట్ బ్రేకర్, అంటే కరెంటుని కలిపి తెంచే రెండు చిన్న లోహపు మొనలు) మధ్య ఎమరీ కాగితం ముక్క పెట్టి రెండుసార్లు లాగి, స్టార్ట్ చేసిచ్చి వెళ్తాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. ఈ బాధ వదిలించుకోవాలంటే పాయింట్ల స్థానంలో చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకోవచ్చు, చేతిలో కాస్త ఓపిక, ఒక మల్టీమీటర్, ఒక టైమింగ్ లైట్ (ప్లగ్ వెలిగే క్షణంలోనే మెరిసే దీపం) ఉంటే ఆదివారం పూట ఇంటి దగ్గరే అయిపోయే పని. ఇసుజు 1800 ఇంజిన్ ఉన్న బండ్ల సంగతి వేరు, ఇక్కడ చెప్పేది పాత బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్ గురించే.

ముందు పాయింట్లు ఏం చేస్తాయో ఒకసారి చూద్దాం, అది అర్థమైతే తర్వాత ఎక్కడ తేడా కొట్టినా మీకే తెలిసిపోతుంది. పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ లోపలి ప్రైమరీ చుట్టల్లో కరెంటు పారుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది కామ్ మూల తగిలి అవి విడిపోగానే ఆ కరెంటు ఠక్కున తెగుతుంది, ఆ దెబ్బకి సెకండరీ చుట్టల్లో వేల వోల్టులు పుట్టి క్యాప్ కింద తిరిగే రోటార్ మీదుగా ప్లగ్‌కి చేరతాయి. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కాడిలాక్ కార్ల కోసం తెచ్చిన పద్ధతి ఇది, దశాబ్దాల పాటు ప్రపంచమంతా దీని మీదే నడిచింది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్ల బండిలో పాయింట్లు నిమిషానికి 6,000 సార్లు విడిపోవాలి, అంటే సెకనుకి వంద సార్లు, ప్రతిసారీ మూడు నాలుగు ఆంపియర్ల కరెంటుని తెంచుతూ. అందుకే వాటి మొహాలు కాలి ఒకవైపు గుంట, రెండోవైపు బుడిపె వస్తాయి. కామ్‌ని రాసుకునే మడమ కూడా అరుగుతుంది. అది అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ (ప్లగ్ నిప్పు వేసే క్షణం) వెనక్కి పోతుంది, బండి బరువెక్కినట్టు అవుతుంది. లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్‌లో ఆ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఎంతమంది ఫీలర్ గేజ్‌తో చూసి పెడుతున్నారు చెప్పండి, చాలాచోట్ల అట్టముక్కతో కానిచ్చేస్తున్నారు. పైగా పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్లు ఇప్పుడు దొరికేవాటిలో నాసిరకం చాలా ఎక్కువ, ఇంజిన్ వేడెక్కగానే చేతులెత్తేస్తాయి.

మాడ్యూల్‌లో రాసుకునేదీ లేదు, కాలేదీ లేదు. కామ్ మీద ఒక చిన్న నల్లటి ఉంగరం ఎక్కుతుంది, దానిలో సిలిండర్‌కొకటి చొప్పున నాలుగు అయస్కాంతాలు ఉంటాయి. పాయింట్లు ఉన్న చోట ఒక సెన్సర్ కూర్చుంటుంది. అయస్కాంతం ఎదురుగా రావడం, దాటిపోవడం సెన్సర్ పసిగడుతుంది, దాన్నిబట్టి లోపలి ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటుని కలుపుతుంది, తెంచుతుంది. కండెన్సర్ అవసరం ఉండదు. కాయిల్, క్యాప్, రోటార్, ప్లగ్ వైర్లు చాలావరకు పాతవే పనిచేస్తాయి. బయటినుంచి చూస్తే బండి అచ్చం పాతదానిలాగే కనిపిస్తుంది, పాత బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకి అది చిన్న విషయం కాదు.

కొత్త పవర్ వస్తుందని మాత్రం ఆశపడకండి. సరిగ్గా సెట్ చేసిన కొత్త పాయింట్లతో బండి ఎలా లాగుతుందో దీనితోనూ అంతే లాగుతుంది, కాకపోతే ఆరు నెలల తర్వాత కూడా అలాగే లాగుతుంది. దీనికి పెట్టే డబ్బంతా ఆ నిలకడ కోసమే.

కిట్ కొనేముందు డిస్ట్రిబ్యూటర్ బాగుందో లేదో చూడాలి, ఈ పని తప్పించుకోవద్దు. క్యాప్, రోటార్ తీసేసి షాఫ్ట్ పైకొనని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటక ఆడుతుంటే బుష్ అరిగింది, లేత్ పని చేసేవాళ్ల దగ్గర కొత్త బుష్ వేయించాకే మిగతాది. తర్వాత రోటార్ మళ్లీ పెట్టి అది తిరిగే దిశలోనే కొంచెం తిప్పి వదలండి, స్ప్రింగు లాగినట్టు తనంతట తానే వెనక్కి రావాలి. రాకపోతే కింద అడ్వాన్స్ వెయిట్లు (వేగం పెరిగేకొద్దీ టైమింగ్ ముందుకు జరిపే బరువులు) జిడ్డుపట్టి బిగుసుకున్నట్టే, శుభ్రం చేసి చుక్క నూనె వేయాలి. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న వ్యాక్యూమ్ యూనిట్‌కి వచ్చే వ్యాక్యూమ్ పైపుని కార్బురేటర్ దగ్గర ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూసిపట్టండి, లోపల పాయింట్ల ప్లేటు కదిలి అక్కడే ఆగి ఉండాలి. గాలి వచ్చేస్తుంటే ఆ యూనిట్ లోపలి డయాఫ్రమ్ పొర చిరిగింది. ఇవన్నీ అలాగే వదిలేసి మాడ్యూల్ పెట్టి, ఎలక్ట్రానిక్ పెట్టినా బండి మారలేదని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకొక చిన్న వైరు ఉంటుంది, ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి వెళ్లే పొట్టి ఎర్త్ వైరు, గుడ్డ తొడుగుతో. వ్యాక్యూమ్ లాగినప్పుడల్లా అది వంగుతూ ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి వంగి వంగి లోపల తీగ తెగిపోతుంది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఒక మొన ప్లేటుకి, ఇంకొకటి ఎర్త్ అయిన బ్యాటరీ టెర్మినల్‌కి ఆనించి, ఆ వైరుని వేలితో కదుపుతూ చూడండి. అంకె ఎగిరెగిరి పడుతుంటే వైరు మార్చేయండి. చాలా మాడ్యూళ్లు ఈ ఎర్త్ మీదే బతుకుతాయి.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. బండి బాడీకి కలిసింది (అదే ఎర్త్) నెగటివ్ టెర్మినలా, పాజిటివ్ టెర్మినలా? బాగా పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది, తర్వాత నెగటివ్‌కి మారింది, మధ్యలో ఏ ఎలక్ట్రీషియనో మార్చి ఉండొచ్చు కూడా. పుస్తకంలో ఏముందో పక్కన పెట్టి బానెట్ ఎత్తి కళ్లతో చూడండి. రెండు రకాలకీ వేరువేరు కిట్లు ఉంటాయి, ఒకదాని బదులు ఇంకొకటి పెడితే కీ తిప్పిన క్షణంలో మాడ్యూల్ పోతుంది.

కాయిల్ కూడా కొలవాలి. రెండు చిన్న టెర్మినళ్ల వైర్లూ తీసేసి వాటి మధ్య ఓమ్స్ చూడండి, మూడు ఓమ్స్ దగ్గర్లో వస్తే బేఫికర్. లెక్క సింపులే, 12 వోల్టుల్ని మూడుతో భాగిస్తే నాలుగు ఆంపియర్లు, మాడ్యూల్ తట్టుకుంటుంది. బయట కరెంటుని తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడే ఒకటిన్నర ఓమ్స్ కాయిల్ ఎవరైనా తెచ్చి పెట్టి ఉంటే, నడిచే బండిలో 14 వోల్టులకి తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది, చిన్న మాడ్యూల్ కాలిపోవడం ఖాయం. అలాంటప్పుడు మూడు ఓమ్స్ కాయిల్ కొత్తది కొనండి. ప్లగ్ వైర్లు లోపల రాగి తీగ ఉన్నవైతే అవీ మార్చి కార్బన్ కోర్ ఉన్నవి వేయండి, రాగి వైర్ల నుంచి వచ్చే రేడియో అలజడి సెన్సర్‌ని తికమక పెడుతుంది.

కిట్ కొనేటప్పుడు బండి పేరు కంటే డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద కొట్టిన నంబరు ముఖ్యం, లూకాస్ డీఎం2నా 25డి4నా అని తుడిచి చదువుకోండి. 25డి4 అయితే వెతకడం తేలిక, ఎందుకంటే ఇంగ్లండులో ఎంజీబీ లాంటి కార్లకీ ఇదే వాడారు కాబట్టి అక్కడి పవర్‌స్పార్క్, ఆక్యుస్పార్క్, అమెరికా పెర్ట్రానిక్స్ దీనికి కిట్లు చేస్తున్నాయి. నెదర్లాండ్స్ వాళ్ల 123 ఇగ్నిషన్ అయితే డిస్ట్రిబ్యూటర్ మొత్తమే కొత్తది, ఖరీదెక్కువ, షాఫ్ట్ బాగా అరిగిపోయినవాళ్లు దాని గురించి ఆలోచించొచ్చు. మిగతావాళ్లకి మామూలు మాడ్యూల్ చాలు.

ఇక పని. పాత పాయింట్లతోనే బండి స్టార్ట్ చేసి, టైమింగ్ లైట్‌తో ఇప్పుడు టైమింగ్ ఎక్కడ ఉందో చూసి కాగితం మీద రాసుకోండి. క్రాంక్ పుల్లీ మీది గాటు నల్లగా మసిబారి ఉంటుంది, దానికి ముందే తెల్ల పెయింటు చుక్క పెట్టుకుంటే లైట్ వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గులు తీసేసి, చేతి హ్యాండిల్‌తో గానీ టాప్ గేర్‌లో వేసి బండిని నెట్టి గానీ ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చుకోండి. రేడియేటర్ వైపున్నదే ఒకటో నంబరు. రోటార్ అప్పుడు ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ బాడీ అంచు మీద మార్కర్‌తో గీత గీయండి, దాన్ని ఇంజిన్‌కి పట్టి ఉంచే క్లాంప్ దగ్గర కూడా ఒక గీత. ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ ఊడదీయండి.

పాయింట్లు, కండెన్సర్, వాటి నుంచి కాయిల్‌కి వెళ్లే సన్నటి వైరు, అన్నీ తీసేయాలి. ఆ బుల్లి స్క్రూ చేయి జారిందంటే ప్లేటు కంతల్లోంచి లోపలికి పడుతుంది, అందుకని అయస్కాంతం మొన ఉన్న స్క్రూడ్రైవరే వాడండి. ప్లేటు తుడిచి, మాడ్యూల్ కూర్చునే చోట లోహం మెరిసేలా సాండ్ పేపర్ పట్టించండి. మాడ్యూల్‌ని స్క్రూతో బిగించి, వైర్లు బయటికి వచ్చే రబ్బరుని బాడీ గాడిలో సరిగ్గా నొక్కండి. వ్యాక్యూమ్ పీలిస్తే ప్లేటు కదులుతుంది కదా, ఆ కదలికకి సరిపడా వైరు వదులు ఉంచాలి, అలాగని షాఫ్ట్‌కి తగిలేంత వదులూ ఉండకూడదు. అయస్కాంతాల ఉంగరాన్ని కామ్ మీద పెట్టి, మూలలు అందాక గట్టిగా కిందికి నొక్కండి, సుత్తి వద్దు. సెన్సర్‌కీ ఉంగరానికీ మధ్య సందు ఎంత ఉండాలో కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, రెండూ రాసుకోకపోవడం ముఖ్యం. ఉంగరం మందం వల్ల రోటార్ ఒక్కోసారి పూర్తిగా దిగదు, పైకి లేచి ఉంటే క్యాప్ లోపల గుద్దుకుని పగులుతుంది. అందుకే క్యాప్ పెట్టి, ప్లగ్గులు లేకుండానే చేత్తో ఇంజిన్ ఒక చుట్టు తిప్పి, గీరుకున్న శబ్దం వస్తుందేమో వినండి.

వైర్లు రెండే. నెగటివ్ ఎర్త్ బండిలో ఎర్రది కాయిల్ పాజిటివ్‌కి, నల్లది నెగటివ్‌కి. పాత లూకాస్ కాయిల్ మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది, కీ వైపు నుంచి వచ్చే వైరు ఉన్నది ఎస్‌డబ్ల్యూ, ఎర్రది అక్కడికే. ప్లగ్గులు బిగించి, వైర్లు 1-3-4-2 వరసలోనే ఉన్నాయని చూసుకుని బ్యాటరీ కలపండి. పాత కాయిలే ఉంటే ప్లగ్ గ్యాప్ 0.6 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచండి, పెంచితే లాభమేమీ లేదు.

పాయింట్లు తెరుచుకునే చోటూ, సెన్సర్ తెంచే చోటూ ఒకటి కావు కాబట్టి టైమింగ్ తప్పకుండా మారుతుంది. బండి స్టార్ట్ అయింది కదా అని అలాగే రోడ్డెక్కించకండి. ఇంజిన్ వేడెక్కాక వ్యాక్యూమ్ పైపు తీసి మూసేసి, ఐడ్లింగ్ వీలైనంత తగ్గించి, లైట్ ఒకటో ప్లగ్ వైరుకి తగిలించండి. ఈ ఇంజిన్‌లో పైనుంచి చూస్తే రోటార్ గడియారానికి ఎదురుదిశలో తిరుగుతుంది, కాబట్టి డిస్ట్రిబ్యూటర్ బాడీని గడియారం దిశలో తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది. మీరు కాగితం మీద రాసుకున్న చోటికి తెచ్చి క్లాంప్ బిగించండి, బిగించాక మళ్లీ చూడండి. ఆపైన ఏదైనా ఫ్లైఓవర్ ఎత్తు మీద టాప్ గేర్‌లో కాలు నొక్కి వినాలి, ఇంజిన్‌లో గింజలు రాలినట్టు నాకింగ్ వినిపిస్తే ఇసుమంత వెనక్కి. వ్యాక్యూమ్ యూనిట్ చివర చిన్న గరుకు నట్టు ఉంటే ఈ సన్నటి సర్దుబాటు దానితోనే అయిపోతుంది, క్లాంప్ వదులు చేయక్కర్లేదు.

స్టార్ట్ కాకపోతే కంగారు పడి అన్నీ ఊడదీయొద్దు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఉలుకూ పలుకూ లేకుండా, కీ వదిలిన క్షణంలో మాత్రం ఒక్కసారి అందుకోబోయినట్టు అనిపిస్తోందా? అయితే సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజ్ పడిపోతోంది. ఎర్ర వైరు దగ్గర మీటర్ పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి, తొమ్మిది వోల్టుల కిందికి పోతుంటే బ్యాటరీ, దాని కేబుళ్లు, ఇంజిన్‌కీ చాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ, అరిగిన ఇగ్నిషన్ స్విచ్, ఈ నాలుగింటిలోనే దొంగ ఉన్నాడు. పాయింట్లు తక్కువ వోల్టేజ్‌లోనూ ఎలాగోలా నెట్టుకొస్తాయి, మాడ్యూల్ నెట్టుకురాదు. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో ఉంచి పాటలు వినే అలవాటు ఉంటే అది మానేయాలి, కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉండి కాయిలూ మాడ్యూలూ రెండూ ఉడికిపోతాయి. రేడియోకి వేరే వైరు లాగించుకోండి.

తీసిన పాయింట్లు పారేయొద్దు. మాడ్యూల్ పోయేముందు మిస్సింగ్ ఇచ్చి హెచ్చరించదు, శ్రీశైలం ఘాట్ మధ్యలో ఠపీమని ఆగిపోవచ్చు. బాగున్న పాయింట్ల సెట్టు, మంచి కండెన్సర్, ఆ సన్నటి వైరు, ఫీలర్ గేజ్, చిన్న స్క్రూడ్రైవర్ ఒక డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచండి. క్లాంప్ దగ్గర పాయింట్లతో ఉన్నప్పటి గీత తెల్లరంగుతో, మాడ్యూల్‌తో సెట్ చేసిన గీత ఎర్రరంగుతో వేసుకోండి. దారిలో మార్చాల్సి వస్తే బాడీని తెల్లగీత దగ్గరికి తిప్పి బిగిస్తే చాలు, టైమింగ్ లైట్ లేకుండానే ఇల్లు చేరతారు.