మన గల్లీ కరెంటు లెక్క – 3వ పాఠం: బిల్లు మాట పక్కన పెట్టి, రాత్రి ఉక్క మాట ఎత్తాలి

మొదటి పాఠంలో గల్లీకి హద్దులు గీసుకున్నాం. రెండోదాంట్లో ఇంటింటి బిల్లులు తీసుకుని పన్నెండు నెలల యూనిట్లు ఒక కాగితం మీద ఎక్కించాం. ఆ కాగితం పూర్తి చేయనివాళ్లు ముందు ఆ పని ముగించి రండి, ఈ పాఠానికి అదే ఆధారం. మన నమూనా పాతదే: నల్లగొండ పాతబస్తీలో ఉందనుకున్న అరవై ఇళ్ల గల్లీ. సగం ఇళ్లకు స్లాబు, మిగతావాటిలో ఎక్కువ రేకులు, నాలుగైదింటికి బెంగుళూరు పెంకు.

ఈ పాఠంలో నేర్చుకునేది గల్లీలో కరెంటు వాడకం, ఇళ్ల వేడి తగ్గించే పనికి జనాన్ని, అధికారులను ఒప్పించేలా మాట్లాడటం. నేను మొదట్లో చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఒక మున్సిపాలిటీలో వార్డు మీటింగు పొద్దున పదకొండింటికి పెట్టించాను. వచ్చినవాళ్లంతా దుకాణాల వాళ్లు. అరగంట సేపు 'బిల్లు మిగులుతుంది, బిల్లు మిగులుతుంది' అని ఊదరగొట్టాను. వెనక కూర్చున్న ఒక అవ్వ లేచి, "మాకు బిల్లే వస్తలేదు కద బిడ్డా, ఇగ ఏం మిగిలిస్తవ్? రాత్రి పండుకోనీకి చల్లగుండే ఉపాయం ఉంటే చెప్పు" అన్నది. నా లెక్కల కాగితం మడిచి జేబులో పెట్టుకోవాల్సి వచ్చింది.

అవ్వ మాటలో అసలు విషయం ఉంది. 2024 నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ ఇంటికి పొదుపు మాట ఎక్కదు. కానీ మే నెలలో యూనిట్లు 200 దాటే ఇళ్లు మీ కాగితంలో తప్పకుండా కనిపిస్తాయి. వాటి పక్కన ఎర్ర చుక్క పెట్టండి. ఉదాహరణకు మేలో 240 యూనిట్లు కాలిన ఇల్లు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు 14 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు దాదాపు 19 యూనిట్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 57. అంటే 240 కాస్తా 183 అవుతుంది, ఆ నెల కూడా సున్నా బిల్లే. చుక్క ఉన్న ఇంటికి ఈ లెక్క చెప్పండి, లేని ఇంటికి చల్లదనం గురించి చెప్పండి.

చల్లదనాన్ని కొలవకుండా మాట్లాడొద్దు. మామూలు థర్మామీటరును గోడకు ఆనించకుండా గది మధ్యలో దారంతో వేలాడదీసి, మధ్యాహ్నం 3కు, రాత్రి 9కి చూడండి. రేకుల గది మధ్యాహ్నం మండిపోతుంది కానీ పొద్దు గూకాక తొందరగానే దిగుతుంది. స్లాబు మాత్రం పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. రెండు అంకెలూ రాస్తేనే ఆ తేడా తెలుస్తుంది. కరోనా టైంలో నుదుటికి పెట్టిన గన్ను స్లాబు మీద పెట్టకండి, అది ఒంటి జ్వరం కోసం చేసింది, అంత వేడిని చూపించదు.

ఇంటి వేడికి మొదటి మందు కప్పు మీద సున్నం లేదా కూల్ రూఫ్ పెయింటు, అంటే ఎండను వెనక్కి కొట్టే పెయింటు. తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇలా చల్లబరచడం లక్ష్యం, అందులో 100 హైదరాబాద్ బయటి ఊళ్లకు. కమిషనర్ దగ్గరికి పోయినప్పుడు ఈ అంకె చేతిలో ఉంటే మన మాట కొత్త కోరికలా వినిపించదు. అయితే స్లాబు కారుతుంటే ముందు పగుళ్లు పూడ్చాలి. కారే స్లాబుకు సున్నం కొట్టడం పుండుకు పౌడరు అద్దినట్టే. సోలారు మాట ఫ్యాన్లు, కప్పు అయ్యాకే. ముందే పెట్టిస్తే తగ్గించగలిగిన వాడకానికి కూడా కలిపి ప్యానెళ్లు కొన్నట్టు అవుతుంది.

ఇక అసలు చిక్కు కిరాయి ఇళ్లది. కప్పు యజమానిది, చెమట కిరాయిదారుది. సున్నానికి పైసలు తీయడానికి యజమానికి మనసొప్పదు. నాకు పనికొచ్చిన దారి ఒకటే: ఇద్దరినీ ఒకే మంచం మీద కూర్చోబెట్టి, సామాను యజమాని తెచ్చేటట్టు, కూలీ కిరాయిదారు ఇచ్చేటట్టు అక్కడికక్కడే ఒప్పించడం. వేర్వేరుగా మాట్లాడితే నెల గడుస్తుంది.

మీటింగు సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, పిలుపు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ ద్వారా, అంటే మహిళా సంఘాలను చూసుకునే రిసోర్స్ పర్సన్ ద్వారా పంపండి. మహిళా సంఘాల్లో ఎవరి ఇల్లు ఎలా ఉందో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలి. నన్నడిగితే ముందు వృద్ధుల కమిటీకి చెప్పండి, మధ్యాహ్నం ఇంట్లో ఉండి ఉడికేది వాళ్లే. లైన్‌మన్‌ను మర్చిపోవద్దు, ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఎంత లోడు పడుతోందో ఆయన నోటి మీద ఉంటుంది. వీధి లైట్ల బిల్లు, నీళ్ల మోటార్ల బిల్లు మున్సిపాలిటీయే కట్టాలి కాబట్టి ఆ లెక్క మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ముందు పెట్టండి. పొద్దున పదింటికి కూడా వెలుగుతున్న స్తంభాల నంబర్లు రాసుకుపోతే ఆయన కుర్చీ వేసి మరీ మాట్లాడతాడు.

వచ్చే పాఠానికి పని: మూడు ఇళ్లు ఎంచుకోండి – ఒక స్లాబు, ఒక రేకులు, ఒక పెంకు. వారం రోజుల పాటు 3కు, 9కి అంకెలు రాయండి. నాలుగో పాఠంలో ఆ అంకెలతోనే ఎస్టిమేటు వేద్దాం.