ఫ్యూజులినిడ్ శిలాజం ఏ ప్రజాతికి చెందుతుందో తేల్చడం ఎలా?

కార్బోనిఫెరస్, పెర్మియన్ కాలాల సున్నపురాళ్లలో గోధుమ గింజల్లా గుంపులుగా కనిపించే ఫ్యూజులినిడ్లు సముద్రపు అడుగున జీవించిన ఏకకణ జీవుల పెంకులు. దాదాపు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట, పెర్మియన్ ముగిసేసరికి, ఇవి పూర్తిగా అంతరించిపోయాయి. అందువల్ల వర్గీకరణకు పెంకు నిర్మాణం తప్ప మరో ఆధారం లేదు, ఆ నిర్మాణమేమో బయటికి కనబడదు. లోపల చూడకుండా ప్రజాతి పేరు రాయడం ఊహాగానమే అవుతుంది.

ముందుగా ఒకే పొరలోని గింజల నుంచి రెండు రకాల పలుచని కోతలు సిద్ధం చేసుకోవాలి. చుట్లు తిరిగిన అక్షం వెంబడి సాగే నిలువు కోత ఒకటి, దానికి లంబంగా నడిమి భాగంలో తీసిన అడ్డకోత మరొకటి. రెండూ ప్రోలోక్యులస్ అనే గుండ్రటి తొలి గది గుండానే పోవాలి. అరగదీస్తున్నప్పుడు తరచూ ఆపి, తడిపి, భూతద్దంతో చూసుకుంటూ ఆ గది కనిపించగానే ఆ ముఖాన్ని గాజుపలకకు అతికించి, రెండో వైపు వెలుతురు చొరబడేంత పలుచగా అరగదీయాలి. కోత పక్కకు జరిగితే, గదులను విడదీసే తిన్నని అడ్డుగోడ కూడా ముడతలు పడినట్టు కనబడి, వేరే ప్రజాతిగా భ్రమింపజేస్తుంది.

సూక్ష్మదర్శిని కింద మొదట చూడవలసింది పెంకు గోడ. పైన సన్నని నల్లటి టెక్టమ్, దాని కింద నిలువు గీతల వరుసలా కనిపించే కీరియోథీకా ఉంటే అది ష్వాగెరినా వైపు బంధువు. టెక్టమ్ కింద గీతలు లేని, లేత రంగు డయాఫనోథీకా ఉంటే ఫ్యూజులినెల్లా, ఫ్యూజులినాల వైపు చూడాలి. ఆ తర్వాతే అడ్డుగోడల వంతు. ఫ్యూజులినెల్లాలో అవి నడుమ దాదాపు తిన్నగా ఉండి కొసల దగ్గర మాత్రమే ముడతలు పడతాయి, ఫ్యూజులినాలో ఆ ముడతలు ఒక కొస నుంచి మరో కొస దాకా బలంగా ఉంటాయి. నిలువు కోతలో ఈ ముడతలు గదుల అడుగున చిన్న చిన్న కమానుల్లా కనిపిస్తాయి. ఇక అడ్డుగోడల గుండా గదులను కలిపే నడిమి సొరంగానికి ఇరువైపులా పేరుకున్న చోమాటా గట్లను చూడాలి. కీరియోథీకా గోడతో పాటు బలమైన చోమాటా, నడుమ అంతగా ముడతలు లేని అడ్డుగోడలు కనిపిస్తే ట్రిటిసైటిస్ అనుకోవచ్చు. చోమాటా నామమాత్రంగా ఉండి అడ్డుగోడలు అంతటా ముడతలు పడితే ష్వాగెరినా అనాలి. లోపలి చుట్లు బిగుతుగా ఉండి, ఆపైన పెంకు ఒక్కసారిగా ఉబ్బితే సూడోష్వాగెరినాను పరిశీలించాలి.

ఇక్కడే పాత గ్రంథాలతో చిక్కు వస్తుంది. ప్రజాతి పేరు దాని మూల జాతికి, అంటే ఆ ప్రజాతికి ప్రమాణంగా ఎంచిన జాతికి, కట్టుబడి ఉంటుందే గానీ తర్వాతివారి అలవాటుకు కాదు. 1877లో మోలర్ స్థాపించిన ష్వాగెరినాకు మూల జాతి ఎరెన్‌బర్గ్ వర్ణించిన ప్రిన్సెప్స్. అయినా ఉబ్బిన పెంకులకే ఆ పేరు చాలాకాలం చెలామణి అయింది. డన్బార్, స్కిన్నర్‌లు 1936లో ఈ గందరగోళాన్ని పరిష్కరిస్తూ, ఉబ్బిన రూపాల కోసం సూడోష్వాగెరినాను వేరుచేశారు. కాబట్టి పాత వ్యాసంలో ష్వాగెరినా అన్న మాట కనిపిస్తే, ముందు దాని కింది బొమ్మ చూసి, ఆ తర్వాతే పేరును నమ్మాలి.

రాతిపొర వయసును ప్రజాతి నిర్ణయానికి ఆధారంగా వాడకపోవడం మంచిది. ఆ వయసును చాలాసార్లు ఈ పెంకులతోనే లెక్కగడతారు కనుక, వాదన తిరిగి మొదటికే వస్తుంది. గోడ పునఃస్ఫటికీకరణ చెంది పొరలు చెరిగిపోయిన నమూనాకు ప్రజాతి పేరు పెట్టాలని తాపత్రయపడకుండా కుటుంబం దగ్గరే ఆగిపోవాలి, లేదా పేరు ముందు ప్రశ్నార్థకం ఉంచాలి. ఎలాగైనా ఆ పలుచని కోతను సంఖ్య వేసి, సేకరించిన చోటు, పొర, కోత దిశ రాసి భద్రపరిస్తే, మెరుగైన నమూనా దొరికిన మరొకరు దాన్ని మళ్లీ పరిశీలించగలుగుతారు.